సంతకం ఇస్లామాబాద్‌ది, నిర్ణయం రావల్పిండిది

1971 జూలై 9, ఇంకా పూర్తిగా తెల్లారలేదు. పాకిస్తాన్ పర్యటనలో ఉన్న అమెరికా జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్‌కు కడుపులో బాగాలేదని, విశ్రాంతి కోసం నథియాగలీ అనే కొండ ఊరికి వెళ్తున్నారని బయటకు చెప్పారు. చెప్పినట్టే కార్ల కాన్వాయ్ కొండదారి పట్టింది. అందులో కిసింజర్ లేరు. ఆయన చక్లాలా విమానాశ్రయంలో పాకిస్తాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ ఎక్కి బీజింగ్ వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళకు పైగా ముఖాముఖాలు చూసుకోని అమెరికా, చైనాల మధ్య తలుపు తెరుచుకున్నది ఆ ప్రయాణంతోనే.

ఏర్పాట్లన్నీ దగ్గరుండి చేయించింది జనరల్ యాహ్యా ఖాన్. అధ్యక్షుడూ ఆయనే, సైన్యాధిపతీ ఆయనే. అవతల అమెరికాలో సాక్షాత్తూ విదేశాంగ మంత్రి విలియం రోజర్స్‌కు కూడా చివరి నిమిషం దాకా చెప్పలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది మధ్య నడిచిపోయిన వ్యవహారం అది.

అదే రోజుల్లో తూర్పు పాకిస్తాన్ తగలబడుతోంది. మార్చి 25 రాత్రి మొదలైన సైనిక చర్యకు భయపడి జనం లక్షల్లో సరిహద్దు దాటి భారత్‌కు వస్తున్నారు. ఢాకాలోని అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సిబ్బంది ఏప్రిల్‌లోనే వాషింగ్టన్‌కు టెలిగ్రాం కొట్టారు. మన ప్రభుత్వం నైతికంగా దివాలా తీసిందని జనం అనుకుంటారని అందులో రాశారు. అధ్యక్షుడు నిక్సన్ వినిపించుకోలేదు. బీజింగ్ తలుపు తాళంచెవి యాహ్యా దగ్గర ఉంది మరి. బ్లడ్‌ను ఢాకా నుంచి వెనక్కి పిలిపించారు.

ఆ డిసెంబరులో భారత్‌తో యుద్ధంలో యాహ్యాకు కష్టం వచ్చింది. అమెరికా తన విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను బంగాళాఖాతం వైపు పంపింది. అది చేసిందేమీ లేదు. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది, దాదాపు 93,000 మంది బందీలయ్యారు. బీజింగ్ దారి చూపించి పెట్టినందుకు తమకు ఒరిగిందేమిటని పాకిస్తాన్‌లో అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నారు.

అమెరికా, పాకిస్తాన్‌ల పొత్తు గురించి మన దగ్గర టీవీ చర్చల్లో వినిపించే మాటలు రెండే. అమెరికా డబ్బు తిని పాకిస్తాన్ మోసం చేసిందన్నది ఒకటి. అమెరికా వాడుకుని వదిలేసిందన్నది రెండోది. రెండింటికీ సాక్ష్యాలున్నాయి. కానీ డెబ్బై ఏళ్ళుగా ఒకరినొకరు మోసం చేసుకుంటున్నామని ఇద్దరికీ తెలిసినా, మళ్ళీ మళ్ళీ వచ్చి అదే బల్ల దగ్గర కూర్చుంటున్నారంటే, దాన్ని మోసం అని సరిపెట్టుకోలేం. ఆ బల్ల దగ్గర పాకిస్తాన్ తరఫున కూర్చుంటున్నది ఎవరో చూస్తే కొంత అర్థమవుతుంది.

మొదట వచ్చిన కొనుగోలుదారు

1947లో పాకిస్తాన్ వాటాకు వచ్చిన ఆస్తిలో ఒక తేడా ఉంది. అవిభక్త భారత సైన్యంలో దాదాపు మూడో వంతు దానికి వచ్చింది. ఆదాయంలో మాత్రం అయిదో వంతు కూడా రాలేదు. పక్కన తనకన్నా ఎన్నో రెట్లు పెద్ద దేశం, పుట్టగానే కశ్మీర్‌లో యుద్ధం. ఇంత సైన్యాన్ని సొంత డబ్బుతో పోషించడం కుదరని పని. ఎవరో ఒకరు బయటి నుంచి పోషించాలి.

అలాంటి ఆసామిని వెతికే పని ప్రధానమంత్రి ఒక్కరే చేయలేదు. 1951లో తొలి పాకిస్తానీ సైన్యాధిపతి అయిన అయూబ్ ఖాన్ 1953లో స్వయంగా వాషింగ్టన్ వెళ్ళారు. గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ అక్కడికి వెళ్ళింది ఆ తర్వాత, నవంబరులో. మీకు కావాలంటే మా సైన్యం మీ సైన్యమే, తొందరగా ఏదో ఒకటి తేల్చండి అని అయూబ్ అక్కడి అధికారులతో అన్నారని దౌత్య చరిత్రలు రాసినవాళ్ళు చెబుతారు. 1954 మేలో సైనిక సాయం ఒప్పందం కుదిరింది. సెప్టెంబరులో మనీలాలో సీటో అనే ఆగ్నేయాసియా రక్షణ కూటమి, మరుసటి ఏడాది పశ్చిమాసియా దేశాలతో బాగ్దాద్ ఒప్పందం. 1954 అక్టోబరులో అయూబ్ యూనిఫాం విప్పకుండానే రక్షణ మంత్రి కూడా అయ్యారు. నాలుగేళ్ళ తర్వాత దేశాధినేత అయ్యారు.

ఆ ఒప్పందాలను ఇద్దరూ ఒకేలా చదువుకోలేదు. అమెరికా దృష్టిలో అవి కమ్యూనిస్టుల మీద. సీటో పత్రంలో అయితే తన బాధ్యత కమ్యూనిస్టు దాడికి మాత్రమే పరిమితమని ప్రత్యేకంగా రాయించుకుంది కూడా. సైన్యం ప్రధాన కార్యాలయం ఉన్న రావల్పిండి దృష్టిలో ఆయుధాలు భారత్ కోసం. ఈ సంగతి అమెరికాకు తెలియదా? బాగా తెలుసు. అందుకే 1954 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నెహ్రూకు ఉత్తరం రాసి, ఈ ఆయుధాలు మీ మీద ప్రయోగించనివ్వం అని భరోసా ఇచ్చారు. పదకొండేళ్ళ తర్వాత ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ పొలాల్లో వరసగా పడి ఉన్న ప్యాటన్ ట్యాంకులు అమెరికావే.

ఆయుధాలకు బదులుగా అమెరికాకు కావలసింది స్థలం. పెషావర్ పక్కన బడాబేర్‌లో సోవియట్ సంకేతాలు వినే కేంద్రం పెట్టుకున్నారు. 1959లో పదేళ్ళకు రాసుకున్న ఒప్పందం అది. విదేశాంగ మంత్రిగా ఉన్న జుల్ఫికర్ అలీ భుట్టో ఒకసారి దాన్ని చూడాలనుకుంటే, కెఫెటీరియా చూపిస్తాం, కాఫీ ఇస్తాం అని అక్కడి అమెరికన్ కమాండర్ జవాబిచ్చాడట. భుట్టో స్వయంగా చెప్పుకున్న ముచ్చట ఇది. సొంత గడ్డ మీద మంత్రికి కాఫీ హాలు దాకే ప్రవేశం. 1960 మే 1న గ్యారీ పవర్స్ నడిపిన యూ-2 గూఢచారి విమానం లేచింది పెషావర్ నుంచే. సోవియట్లు దాన్ని కూల్చేశారు. పెషావర్ చుట్టూ మ్యాపులో ఎర్ర గీత గీసి పెట్టుకున్నాం అని సోవియట్ నేత కృశ్చేవ్ బెదిరించారు. విమానం అమెరికాది, గీత పడింది మాత్రం పాకిస్తాన్ ఊరి చుట్టూ.

1965 యుద్ధం మొదలవగానే అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. చూడ్డానికి సమన్యాయమే. భారత్ పలు చోట్ల కొనేది, పాకిస్తాన్ ట్యాంకుల నుంచి విమానాల విడిభాగాల దాకా అమెరికా మీదే ఆధారపడింది. దెబ్బ ఎవరికి తగిలిందో చెప్పనక్కర్లేదు. అంతకు మూడేళ్ళ ముందు చైనా యుద్ధంలో అమెరికా భారత్‌కు ఆయుధాలు పంపినప్పుడే రావల్పిండికి మనసు విరిగింది. 1963 మార్చిలో చైనాతో సరిహద్దు ఒప్పందం చేసుకోవడం ఆ కోపం నుంచి పూర్తిగా పుట్టకపోయినా, ఆ కోపం దానికి తోడైంది.

ఇలాంటి పొత్తుల్లో రెండు భయాలు ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి. నన్ను నట్టేట్లో వదిలేస్తాడేమో అన్నది ఒకటి, తన గొడవలోకి నన్ను లాగుతాడేమో అన్నది రెండోది. ఒకదాన్ని తగ్గించుకోబోతే ఇంకోటి పెరుగుతుంది. అమెరికాకు దగ్గరైతే పెషావర్ మీద ఎర్ర గీత పడుతుంది, దూరమైతే ట్యాంకుకు విడిభాగం దొరకదు. మామూలుగా ఈ రెండు భయాల్నీ తూకం వేయాల్సింది మంత్రివర్గం, పార్లమెంటు. పాకిస్తాన్‌లో ఆ తక్కెడ ఆయుధాలు అందుకునే వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది.

కరాచీ రేవు నుంచి ఓజ్రీ దాకా

ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది జియా కాలం దగ్గర. ఇప్పటి పాకిస్తాన్‌ను చాలా మటుకు తయారుచేసింది ఆ పదకొండేళ్ళే.

1979లో జనరల్ జియా ఉల్ హక్ పరిస్థితి ఏమీ బాగాలేదు. ఏప్రిల్‌లో, తను గద్దె దింపిన ప్రధాని భుట్టోను ఉరి తీశారు, ప్రపంచమంతా చీదరించుకుంది. రహస్యంగా యురేనియం శుద్ధి చేస్తున్నారని అదే నెలలో అమెరికా సాయం ఆపేసింది. నవంబరులో ఇస్లామాబాద్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని అల్లరిమూక తగలబెట్టింది. డిసెంబరు చివర్లో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో దిగింది. అంతే, జియా జాతకం మారిపోయింది. కార్టర్ 40 కోట్ల డాలర్లు ఇస్తానంటే, "వేరుశనగ గింజలు" అని జియా తీసిపారేశారు. కార్టర్ స్వతహాగా వేరుశనగ రైతు కాబట్టి ఆ మాట ఇంకొంచెం గుచ్చుకుంది. ఆగితే ధర పెరుగుతుందని జియాకు తెలుసు. 1981లో రీగన్ వచ్చి ఆరేళ్ళకు 320 కోట్ల డాలర్లు, 40 ఎఫ్-16 విమానాలు ఇస్తానన్నారు.

డబ్బు కన్నా ముఖ్యమైంది జియా పెట్టిన షరతు. సీఐఏ అఫ్గాన్ ముజాహిదీన్‌కు నేరుగా ఆయుధాలివ్వకూడదు. రేవులో దిగిన సరుకును పాక్ సైన్యం గూఢచారి విభాగం ఐఎస్ఐకి అప్పగించాలి, అక్కడితో వాళ్ళ పని అయిపోయినట్టే. అక్కడి నుంచి రావల్పిండి, ఇస్లామాబాద్‌ల మధ్య ఉన్న ఓజ్రీ డిపోకు, డిపో నుంచి లారీల్లో పెషావర్‌కు, క్వెట్టాకు. పెషావర్‌లో ఏడు ముజాహిదీన్ పార్టీలుంటే దేనికి ఎంత ఇవ్వాలో తేల్చేది ఐఎస్ఐ. గుల్బుద్దీన్ హెక్మత్యార్ పార్టీకి సింహభాగం వెళ్ళేది. అమెరికా ఇచ్చినంతకు సమానంగా సౌదీ అరేబియా కూడా ఇచ్చేది.

రేషన్ సరుకు ఊళ్ళోకి వచ్చినప్పుడు డీలర్‌కు ఉండే బలం ఎలాంటిదో మనకు తెలుసు. సరుకు తనది కాదు, డబ్బు తనది కాదు, కానీ ఎవరికి పోయాలో, ఎవర్ని తిప్పి పంపాలో అతని చేతిలో పని. ఐఎస్ఐకి అఫ్గానిస్తాన్ విషయంలో దక్కింది ఆ డీలర్‌షిప్. 1989 ఫిబ్రవరి 15న సోవియట్లు వెళ్ళిపోయారు, అమెరికా కూడా సర్దుకుంది. డీలర్ మాత్రం కొట్టు మూయలేదు.

మరి పౌర ప్రభుత్వం ఏం చేస్తోంది? 1985లో పార్టీలు లేని ఎన్నికలు జరిపి జియా తనే ఎంచి పెట్టుకున్న ప్రధాని మహమ్మద్ ఖాన్ జునేజో. మెతక మనిషి, చెప్పినట్టు వింటాడని అందరూ అనుకున్నారు. అలాంటి ఆయన అఫ్గాన్ యుద్ధాన్ని ముగించే జెనీవా ఒప్పందాల మీద సంతకం చేద్దామన్నారు. కాబూల్‌లో మనకు అనుకూలమైన ప్రభుత్వం వచ్చేదాకా ఆగాలన్నది జియా పట్టు. జునేజో 1988 మార్చిలో అన్ని పార్టీల నాయకుల్నీ పిలిచి కూర్చోబెట్టి, వాళ్ళ మద్దతు తీసుకుని ముందుకెళ్ళారు. బేనజీర్ భుట్టో కూడా ఆ సమావేశానికి వెళ్ళారు. సైన్యం వద్దన్న విదేశాంగ నిర్ణయాన్ని ఒక ప్రధాని రాజకీయంగా గెలిపించుకున్న సందర్భాలు పాకిస్తాన్ చరిత్రలో బహు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

సంతకాలు ఏప్రిల్ 14న. నాలుగు రోజుల ముందు, ఏప్రిల్ 10 ఉదయం, ఓజ్రీ డిపో పేలిపోయింది. అఫ్గాన్ల కోసం దాచిన రాకెట్లు, క్షిపణులు జంట నగరాల ఇళ్ళ మీద, రోడ్ల మీద వానలా కురిశాయి. సుమారు వంద మంది చనిపోయారు. జనావాసాల మధ్య అంత మందుగుండు ఎవరు పెట్టమన్నారు, బాధ్యులెవరు అని జునేజో విచారణ వేయించారు. మే 29న జియా ఆయన్ను ఇంటికి పంపేశారు, జాతీయ అసెంబ్లీని కూడా రద్దు చేశారు. ఓజ్రీ నివేదిక బయటకు రాలేదు. ఆగస్టు 17న బహవల్‌పూర్ దగ్గర విమానం కూలి జియా చనిపోయారు, ఆయనతోపాటు అమెరికా రాయబారి ఆర్నల్డ్ రాఫెల్ కూడా.

ఇక అణుబాంబు సంగతి. పాకిస్తాన్ దగ్గర అణ్వాయుధం లేదని అమెరికా అధ్యక్షుడు ఏటా రాసిస్తేనే సాయం అందాలని 1985లో ప్రెస్లర్ సవరణ తెచ్చారు. రీగన్ రాసిచ్చారు, పెద్ద బుష్ 1989లో రాసిచ్చారు. 1990 అక్టోబరుకు మాత్రం రాయలేకపోయారు. సోవియట్లు వెళ్ళిపోయి అప్పటికి ఇరవై నెలలు. బాంబు రాత్రికి రాత్రి మొలకెత్తలేదు, అవసరం తీరాక కళ్ళు కనిపించాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనం ఊరికే అనలేదు.

ఎఫ్-16ల కథ పాకిస్తాన్‌లో ఇప్పటికీ పిల్లలకు కూడా చెబుతారేమో. మొదటి 40 అందాక మళ్ళీ ఆర్డరిచ్చి డబ్బు కట్టిన 28 విమానాలు ఇవ్వకుండా అరిజోనా ఎడారిలో నిలబెట్టేశారు. నిలబెట్టినందుకు అద్దె ఖర్చు కూడా పాకిస్తాన్ ఖాతాలోనే రాశారు. 1998 చివర్లో క్లింటన్ లెక్క తేల్చారు, కొంత నగదుగా, కొంత గోధుమలు వగైరాగా. యుద్ధ విమానానికి డబ్బు కడితే గోధుమలు రావడం ఏ సైన్యాధికారికైనా జీవితాంతం గుర్తుండిపోతుంది. 2001లో అమెరికా మళ్ళీ తలుపు తట్టినప్పుడు రావల్పిండిలో కూర్చుని ఉన్న జనరళ్ళు ఆ అవమానం చూసిన తరమే.

అవుననడానికి ఒకరు, కాదనడానికి ఒకరు

పాకిస్తాన్ రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం సైన్యం మీద అదుపు ఫెడరల్ ప్రభుత్వానిది. కాగితం మీద అది ఎంత స్పష్టంగా ఉందో, ప్రధానులు దాన్ని అమలు చేయబోయినప్పుడు జరిగింది కూడా అంతే స్పష్టంగా ఉంటుంది.

1999 ఫిబ్రవరిలో వాజపేయి బస్సులో లాహోర్ వెళ్ళి ప్రధాని నవాజ్ షరీఫ్‌తో ఒప్పందం చేసుకున్నారు. అప్పటికే పాక్ సైనికులు కార్గిల్ కొండల మీదకు చేరుతున్నారు. నాకు పూర్తిగా చెప్పలేదని షరీఫ్ అంటారు, అన్నీ చెప్పామని అప్పటి సైన్యాధిపతి ముషారఫ్ అనేవారు, ఆ తగాదా ఎప్పటికీ తేలేది కాదు. భారత్ బయటపెట్టిన ఫోన్ సంభాషణ మాత్రం రికార్డులో ఉంది. బీజింగ్ హోటల్లో ముషారఫ్, రావల్పిండిలో జనరల్ అజీజ్ ఖాన్. ఢిల్లీకి వెళ్ళబోయే విదేశాంగ మంత్రి సర్తాజ్ అజీజ్ సైనిక విషయాల్లో దేనికీ మాట ఇవ్వకూడదని ఇద్దరూ అనుకుంటున్నారు. మంత్రి ఏం మాట్లాడాలో జనరళ్ళు ఖాయం చేస్తున్నారన్నమాట. జూలై 4న షరీఫ్ వాషింగ్టన్ పరిగెత్తి, బ్లెయిర్ హౌస్‌లో క్లింటన్ ముందు కూర్చుని సైన్యాన్ని వెనక్కి తీసుకుంటానని ఒప్పుకున్నారు. ఆ ఏడాది అక్టోబరు 12న ముషారఫ్ సైనిక తిరుగుబాటులో ఆయన పదవి పోయింది.

2008 జూలై 26 రాత్రి యూసుఫ్ రజా గిలానీ ప్రభుత్వం ఐఎస్ఐని హోం శాఖ కిందకు తెస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ప్రధాని అమెరికా వెళ్ళే విమానంలో ఉన్నారు. కొన్ని గంటల్లోనే ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. అపార్థం చేసుకున్నారు అని వివరణ. నవంబరులో ముంబై దాడుల తర్వాత ఐఎస్ఐ అధిపతిని భారత్‌కు పంపుతామని గిలానీ మాటిచ్చారు. మర్నాటికి అది "ఒక ప్రతినిధి" అయింది, ఆ తర్వాత ఆ ప్రతినిధి కూడా లేడు.

నా దృష్టిలో అన్నిటికన్నా బాగా విషయం విప్పి చెప్పేది, పాకిస్తాన్‌కు సాయం కోసం అమెరికా 2009లో చేసిన కెర్రీ-లుగర్ చట్టం. ఏటా 150 కోట్ల డాలర్ల చొప్పున అయిదేళ్ళు, మొత్తం 750 కోట్లు, బడులకూ కరెంటుకూ వగైరా పౌర అవసరాలకు. ఒక పేద దేశ ప్రభుత్వానికి పండగే. అయితే భద్రతా సాయానికి సంబంధించిన షరతుల్లో, సైన్యం మీద పౌర ప్రభుత్వానికి ఎంత అదుపు ఉందో అమెరికా విదేశాంగ శాఖ నివేదిక ఇవ్వాలని ఉంది. సైనిక బడ్జెట్, ప్రమోషన్ల ప్రస్తావన కూడా ఉంది. అక్టోబరు 7న పాక్ సైన్యంలోని అగ్ర జనరళ్ళు, అంటే కోర్ కమాండర్లు సమావేశమై, జాతీయ భద్రత దృష్ట్యా తీవ్ర ఆందోళన ఉందని బహిరంగ ప్రకటన ఇచ్చారు. విదేశాంగ మంత్రి షా మహమూద్ ఖురేషీ హుటాహుటిన వాషింగ్టన్ వెళ్ళారు. చట్టం ఉద్దేశం అది కాదంటూ ఒక వివరణ పత్రం రాయించుకొచ్చారు. దశాబ్దాలుగా జనరళ్ళతో బేరమాడి, ఆ అలవాటులో ఒక్కసారి పౌర ప్రభుత్వానికి బలమిద్దామని చూస్తే, అమెరికాకు దక్కింది అది.

ఇక్కడ ఒక ఒరవడి కనిపిస్తుంది. అవుననాల్సి వచ్చినప్పుడు సైన్యం ముందుకు వస్తుంది, కాదనాల్సి వచ్చినప్పుడు పార్లమెంటును చూపిస్తారు. 2001 సెప్టెంబరు 13న అమెరికా ఏడు కోరికల చిట్టా ఇస్తే ముషారఫ్ ఏడింటికీ ఒప్పుకున్నారు, ఏ పార్లమెంటునూ అడగలేదు. 2011 నవంబరు 26న సలాలా చెక్‌పోస్టు మీద నాటో దాడిలో 24 మంది సైనికులు చనిపోయాక మాత్రం, సంబంధాలు ఎలా ఉండాలో పార్లమెంటు తేలుస్తుందన్నారు. అఫ్గానిస్తాన్ వెళ్ళే నాటో లారీలు ఏడు నెలలకు పైగా ఆగిపోయాయి. హిల్లరీ క్లింటన్ సారీ చెప్పాక 2012 జూలైలో కదిలాయి. 2015లో సౌదీ అరేబియా యెమెన్ యుద్ధానికి సైన్యం పంపమంటే, ఏప్రిల్ 10న పార్లమెంటు తటస్థంగా ఉందామని తీర్మానించింది. అలా తప్పుకున్నారు. తర్వాత సౌదీ ఆధ్వర్యంలోని సైనిక కూటమికి అధిపతిగా వెళ్ళింది రిటైరైన ఆర్మీ చీఫ్ రహీల్ షరీఫ్.

నాయకులూ ఈ ఆటలో అమాయకులేం కాదు. డ్రోన్ దాడుల గురించి 2008లో అమెరికా రాయబారి పంపిన కేబుల్ ఒకటి వికీలీక్స్ బయటపెట్టింది. కొట్టాల్సిన మనుషుల్నే కొడితే నాకేం అభ్యంతరం లేదు, అసెంబ్లీలో నిరసన తెలిపి తర్వాత పట్టించుకోం అని గిలానీ అన్నట్టు అందులో ఉంది. పాము చావకుండా, కర్ర విరగకుండా బండి లాగించడం పౌర నాయకులకూ అలవాటైపోయింది. ఈ కేబుల్ చదివాక పాకిస్తాన్ పౌర ప్రభుత్వాల మీద నాకున్న జాలి కొంచెం తగ్గిందని ఒప్పుకోవాలి.

రెండు వైపులా పందెం

2001 తర్వాతి ఇరవై ఏళ్ళ గురించి చాలామంది చాలా రాశారు, క్లుప్తంగా చెబుతాను. పాకిస్తాన్ అల్‌ఖైదా వాళ్ళను పట్టించింది, దారులిచ్చింది, బలూచిస్తాన్‌లో షంసీ స్థావరమిచ్చింది. తాలిబన్ నాయకత్వం మాత్రం క్వెట్టాలో తలదాచుకుంది. అమెరికా ఏదో ఒక రోజు వెళ్ళిపోతుంది, ఆ రోజుకు కాబూల్‌లో మనవాళ్ళుండాలి, లేకపోతే అక్కడ భారత్ కూర్చుంటుంది అన్నది సైన్యం లెక్క. 2011 సెప్టెంబరులో అమెరికా దళాధిపతుల సంయుక్త కమిటీ అధ్యక్షుడు అడ్మిరల్ మైక్ ముల్లెన్ సెనేట్ కమిటీ ముందే, తాలిబన్లతో కలిసి పోరాడే హక్కానీ ముఠా ఐఎస్ఐకి అచ్చంగా ఒక చెయ్యి లాంటిదన్నారు. అదే ఏడాది మే 2న బిన్ లాడెన్‌ను కకూల్ సైనిక అకాడమీకి కూతవేటు దూరంలో, అబోటాబాద్‌లో చంపారు. పాకిస్తాన్‌కు చెప్పకుండా వచ్చి చంపి వెళ్ళారు. మిత్రదేశం మీద దాడి చేశారని ఒకరు, మిత్రదేశం శత్రువును దాచిందని ఒకరు. 2018 జనవరి 1న ట్రంప్, 15 ఏళ్ళలో 3,300 కోట్ల డాలర్లు పోస్తే దక్కింది అబద్ధాలూ మోసమూ అని ట్వీట్ పెట్టారు. పొత్తు మాత్రం తెగలేదు. కాబూల్ నుంచి బయటపడాలన్నా, తాలిబన్లతో మాట్లాడాలన్నా మళ్ళీ రావల్పిండే కావాల్సి వచ్చింది.

చివరికి సైన్యం లెక్కే నిజమైందని, తాలిబన్లు కాబూల్‌ను పట్టుకున్న 2021 ఆగస్టు 15న అనిపించింది. సెప్టెంబరు 4న ఐఎస్ఐ అధిపతి ఫైజ్ హమీద్ కాబూల్ సెరీనా హోటల్లో టీ కప్పు పట్టుకుని నవ్వుతూ, అంతా సర్దుకుంటుంది అన్నారు. ఆ ఫోటో చూడనివాళ్ళు లేరు. ఏం సర్దుకుంది? పాకిస్తానీ తాలిబన్లు అఫ్గాన్ గడ్డను ఆసరా చేసుకుని దాడులు పెంచారు. 2025 అక్టోబరుకు పాక్, అఫ్గాన్ సైన్యాలే సరిహద్దులో కాల్పులకు దిగాయి. హమీద్‌ను వేరే ఆరోపణల మీద 2024 ఆగస్టులో సైన్యమే అరెస్టు చేసింది. నలభై ఏళ్ళ డీలర్‌షిప్ మీద వచ్చిన లాభం లెక్క వేస్తే ఆ టీ కప్పు దగ్గర ఆగిపోతుంది.

ఇలాంటి బేరం పాకిస్తాన్‌కే ప్రత్యేకం కాదు. ఈజిప్టు సైన్యానికి అమెరికా దశాబ్దాలుగా ఏటా 130 కోట్ల డాలర్లు ఇస్తూ వచ్చింది, అక్కడా దానికి మూలం ఇజ్రాయెల్‌తో శాంతి ఒప్పందమే తప్ప ఈజిప్టు ప్రజల మీద ప్రేమ కాదు. బయటి దేశానికి సైన్యంతో మాట్లాడటం సుఖం. ఫోన్ చేస్తే ఒక్కరే ఎత్తుతారు, చెప్పింది చేయగలరు, సభలో చర్చ ఉండదు. పార్లమెంటుతో పని పెట్టుకుంటే వాయిదాలు, కోర్టులు, ఎన్నికలు. ఇలా పని తొందరగా తేల్చుకున్న ప్రతిసారీ, ఆ ఫోన్ ఎత్తే మనిషి బలం దేశం లోపల ఇంకొంచెం పెరుగుతుంది. తర్వాతిసారి ఇంకెవరికీ ఫోన్ చేయలేని పరిస్థితి వస్తుంది. పాకిస్తాన్‌లో ప్రజాస్వామ్యం లేదని అమెరికా వాపోయినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఇప్పుడు ఒక మార్పు వచ్చింది. ఆయుధాల అమ్మకాలను లెక్కగట్టే స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ లెక్క ప్రకారం 2020-24 మధ్య పాకిస్తాన్ దిగుమతి చేసుకున్న ఆయుధాల్లో 81 శాతం చైనావి. అరిజోనా ఎడారి పాఠం అలా ఒంటబట్టింది. అంటే అమెరికా ఆయుధం ఆపితే పాక్ సైన్యం కాళ్ళు విరిగే రోజులు పోయాయి. అయినా వాషింగ్టన్ కావాలి, ఐఎంఎఫ్ అప్పులకు, అంతర్జాతీయ పరపతికి. 2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్ మీద దాడి మొదలైన రోజే, ప్రధాని ఇమ్రాన్ ఖాన్ మాస్కోలో ఉన్నారు. ఏప్రిల్ 2న ఆర్మీ చీఫ్ బజ్వా ఇస్లామాబాద్‌లో మైకు ముందు నిలబడి ఆ దాడిని తప్పుపట్టారు. ఒకే దేశానికి రెండు విదేశాంగ విధానాలు. వారం తిరిగేసరికి ఇమ్రాన్ పదవిలో లేరు.

2025 మేలో భారత్‌తో నాలుగు రోజుల ఘర్షణ ముగిసిన కొద్ది రోజులకే ఆర్మీ చీఫ్ ఆసిమ్ మునీర్ ఫీల్డ్ మార్షల్ అయ్యారు. జూన్ 18న ట్రంప్ ఆయన్ను వైట్‌హౌస్‌కు పిలిచి భోజనం పెట్టారు. దేశాధినేత పదవిలో లేని పాక్ సైన్యాధిపతిని, పక్కన పౌర నాయకులెవరూ లేకుండా, అమెరికా అధ్యక్షుడు ఇలా పిలవడం అదే మొదటిసారి.  సెప్టెంబరులో ప్రధాని షెహబాజ్ షరీఫ్, మునీర్ ఇద్దరూ కలిసి వెళ్ళారు. వైట్‌హౌస్ విడుదల చేసిన ఫోటోలో తెరిచిన చెక్కపెట్టె ఉంది, అందులో ఖనిజాల రాళ్ళు. మునీర్ వాటిని ట్రంప్‌కు చూపిస్తున్నారు. ప్రధాని పక్కన నిలబడి చూస్తున్నారు.

అవామీ నేషనల్ పార్టీ సెనేటర్ ఐమల్ వలీ ఖాన్ ఆ ఫోటో గురించి సెనేట్‌లో లేచి మాట్లాడారు. బ్రాండెడ్ షాపులో దుకాణదారు కస్టమర్‌కు మెరిసే వస్తువు అంటగడుతుంటే, మేనేజర్ పక్కన నిలబడి మురిసిపోతున్నట్టుంది అన్నారు. ఆర్మీ చీఫ్ ఏ హోదాలో, ఏ చట్టం కింద ఆ పెట్టె పట్టుకెళ్ళారు అని అడిగారు. జవాబు నవంబరులో వచ్చింది. 27వ రాజ్యాంగ సవరణ 243వ అధికరణాన్ని తిరగరాసి, ఆర్మీ చీఫ్‌ను మూడు దళాలకూ అధిపతిని చేసింది. ఫీల్డ్ మార్షల్‌కు జీవితాంతం హోదా, కేసుల నుంచి రక్షణ ఇచ్చింది. ఆ బిల్లు మొదట ఆమోదం పొందింది సెనేట్‌లోనే.